నెడ్రా రెండరల ఓవెన్

కొండల మధ్య టర్కీ ఫోర్క్ అనే ఊళ్ళో, చర్చిలో ఆదివారం భోజనాల బల్ల మీద ఎవరి గిన్నె ముందు ఖాళీ అయిందో చూసుకోనిదే ఆర్డిత్ స్కాగ్స్‌కు ముద్ద దిగదు. అందరూ తిన్నాకే తింటుంది. అంతదాకా బల్ల చివర చేతులు కట్టుకుని నిలబడి, ఎవరు దేన్ని వడ్డించుకున్నారో, ఎవరు రెండోసారి వచ్చారో కనిపెడుతూ ఉంటుంది. అరవై నాలుగేళ్ళ మనిషి. ఊరి బడి వంటింట్లో ఇరవై ఏడేళ్ళుగా పిల్లలకు రొట్టెలు కాలుస్తున్న చెయ్యి. ఆ కొండల్లో ఆమె రొట్టె తినకుండా మీసం మొలిపించుకున్న మగవాడు లేడు. ఆ సంగతి ఇంకొకళ్ళు చెప్పకపోతే ఆమే చెబుతుంది.

మొగుడు డోయిల్ పోయి ఏడేళ్ళు. పిల్లల్లేరు. కొండవాలున చిన్న ఇల్లు, పెరట్లో బావి, బావిలో ముప్పై ఏళ్ళనాటి మోటారు, కంచె పొడుగునా పుల్లటి గూస్‌బెర్రీ పొదలు. ఇదీ ఆస్తి. ఇది కాక ఓర్వల్ అని ఒక తమ్ముడున్నాడు. మూడు రాష్ట్రాలు దాటి లారీ తోలతాడు గానీ ఇంట్లో ఆ మనిషి పెదవి దాటి మాట రాదు. ఆ తమ్ముడి పెళ్ళాం నెడ్రా.

ఆర్డిత్ బతుకు చెప్పాలంటే సగం ఈ నెడ్రా గురించే చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట పెళ్ళినాడు నెడ్రా వేసుకున్న గౌను చేతులకు లేసు ఉంది. ఆర్డిత్ పెళ్ళి గౌనుకు లేసు లేదు. అక్కడ అంటుకుంది. ఆ తరవాత నెడ్రా ఇంటికి ముందు ఫోనొచ్చింది, నెడ్రా గుమ్మానికి ముందు దోమతెర తలుపొచ్చింది, నెడ్రా జుట్టు ఆలస్యంగా నెరిసింది. వచ్చిందల్లా ఆర్డిత్ గుండెల్లో ఒక్కొక్క పుల్ల ఎగదోసి వెళ్ళింది. మంట ఆరనివ్వకుండా చూసుకోవడం ఆర్డిత్‌కు పొయ్యి దగ్గర అలవాటైన పనే.

ఆ మంట మీద నీళ్ళు చల్లేది ఏడాదికి ఒక్కరోజు. అక్టోబరులో పాత బడి హాల్లో 'పై'ల వేలం జరుగుతుంది, ఊరి ఫైరింజను ఖర్చుల కోసం. ఆడవాళ్ళు పళ్ళు కూరి కాల్చిన పైలు పెట్టెల్లో పెట్టి తెస్తారు. మగవాళ్ళు పాట పాడతారు. పాడుకున్నవాడు ఆ పై చేసినామె పక్కన కూర్చుని, ఆమెతో కలిసి తినాలి. తాతల నాటి నుంచీ అదే పద్ధతి. పందొమ్మిదేళ్ళుగా అన్నిటికంటే పెద్ద పాట పలికేది ఆర్డిత్ గూస్‌బెర్రీ పైకే. నెడ్రా పై రెండోదో మూడోదో. తక్కిన మూడువందల అరవై నాలుగు రోజులూ ఆర్డిత్ ఆ ఒక్కరోజును నాలుక కింద పెట్టుకుని చప్పరిస్తూ బతికేది.

అలాంటిది, ఒక ఏప్రిల్ ఆదివారం, చర్చి భోజనాలకు నెడ్రా మూడు పైలు ఒకేసారి పట్టుకొచ్చింది. మూడూ వేడివేడిగా పొగలు కక్కుతున్నాయి.

"మూడూ పొద్దున్నే కాల్చావా తల్లీ!" అంది పాస్టరు భార్య వెల్మా.

"ఒక్క వాయిలో సిస్టర్. పై అరలో రెండు, కింది అరలో ఒకటి. రెండరల ఓవెన్ కొన్నాంలే" అంది నెడ్రా, చెప్పాలని లేనట్టు, నలుగురికీ వినపడేట్టు.

"లాటరీ ఏమన్నా తగిలిందా?"

"లాటరీ ఎందుకు, మా సొమ్మే. మా ఇద్దరి జీతాల్లోంచి రాష్ట్రం వాళ్ళు ఏడాదంతా కోసుకున్న పన్ను. ఒక్క సెంటు ఉంచుకోకుండా మొత్తం వెనక్కిచ్చేశారు. పద్దెనిమిది వందల నలభై. అంతా బ్రదర్ హార్లన్ చెప్పినట్టు చేశాం, అంతే." నెడ్రా ఆర్డిత్ వైపు తిరిగింది. "నీకెంతొచ్చింది బంగారం, ఈసారి?"

ఆర్డిత్‌కు వచ్చింది మూడువందల పన్నెండు. ఏటా అంతే వస్తుంది. ఎక్కువ కోసుకున్నది లెక్క చూసి పంపిస్తారు. ఆ వారమంతా ఆమె ఆ చెక్కును చూసుకుని మురిసిపోయింది. ఇప్పుడది కోడిపెట్ట ఈక పాటి కూడా అనిపించలేదు.

"నాకు రావలసినంత వచ్చిందిలే" అంది.

ఇంటికొచ్చి తన ఓవెన్ తలుపు తెరిచి చూసింది. ఒక్కటే అర. ఇరవై రెండేళ్ళుగా వంక పెట్టడానికి లేకుండా కాలుస్తున్న ఓవెన్. దాన్ని చూసి ఆవేళ మొదటిసారి మొహం తిప్పుకుంది. పాపం, దాని తప్పేముంది.

ఆనాటి నుంచి ఆర్డిత్ నెడ్రా వంటింట్లో అడుగుపెట్టలేదు. పెడితే ఆ ఓవెన్‌ను చూడాలి, చూస్తే బాగుందనాలి. ఓర్వల్ రెండుసార్లు పిలిచాడు. మోకాళ్ళ నెప్పులంది ఒకసారి. రెండోసారి ఫోను పెట్టేసింది.

బ్రదర్ హార్లన్ టీగ్ పాస్టరు కాదు, దాణా కొట్టు యజమాని. గురువారం సాయంత్రాలు కొట్టు వెనకగదిలో దాణా బస్తాల మీద జనాన్ని కూర్చోబెట్టి డబ్బు గురించి ప్రసంగం చేసేవాడు. మనిషి నున్నగా ఉంటాడు, మాట ఇంకా నున్నగా ఉంటుంది. ఆర్డిత్ వెళ్ళిన గురువారం పన్నెండుమంది ఉన్నారు. అయిదు డాలర్ల నోటు ఒకటి పైకెత్తి చూపించాడు.

"ఇదేంటి సిస్టర్?"

"అయిదు డాలర్లు."

"కాదు. ఇది డబ్బే కాదు. బ్యాంకులవాళ్ళు రాసి చేతిలో పెట్టిన అప్పు చీటీ. ఈ చీటీలు పుచ్చుకున్నారు కాబట్టే మీ మీద పన్ను వేస్తున్నారు. మీరు పుచ్చుకోవద్దు. జీతం చెక్కు వెనక, 'దీనికి చట్టప్రకారమైన అసలు డబ్బే మార్చి తీసుకుంటున్నాను' అని ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టండి. అప్పుడది సంపాదనే కాదు. సంపాదన కానప్పుడు పన్నెక్కడిది? కోసుకున్నదంతా కక్కాల్సిందే."

వెనక నుంచి ఎవరో, "మరి సంపాదన కాకపోతే మా ఆవిడ ఎందుకు అడుగుతుంది?" అన్నాడు. నవ్వారు. ఆర్డిత్ నవ్వలేదు.

"రబ్బరు ముద్ర అరవై డాలర్లు. చట్టాలన్నీ కట్టిన ఫైలు నలభై" అన్నాడు హార్లన్.

"నెడ్రా ముద్ర కొన్నదా?"

"కొన్నారు సిస్టర్."

"అయితే నాకు ముద్రొద్దు. చేత్తో రాస్తాను. చేత్తో రాసినదానికి బలమెక్కువా, ముద్రకెక్కువా?"

హార్లన్ ఒక్క క్షణం ఆలోచించాడు. అరవై డాలర్లు పోయినట్టే. ఉన్న నలభైనన్నా ఎందుకు పోగొట్టుకోవాలి? "చేత్తో రాసిందానికే సిస్టర్" అన్నాడు.

అంతే. నెడ్రా కంటే గట్టి దస్తావేజు తనదేనని ఆర్డిత్ నమ్మేసింది. ఫైలు చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది. అందులో మాటలు సగం ఆమెకు కొరుకుడు పడలేదు. పడకపోవడమే దాని గొప్పతనం అనుకుంది.

జూన్ నుంచి డిసెంబరు దాకా ఏడు చెక్కులు. బ్యాంకులో నేరుగా పడే జీతాన్ని ఆపించి, బడి ఆఫీసులో పోట్లాడి మరీ కాగితం చెక్కు తీసుకుంది. వెనక ఎర్ర సిరాతో, అక్షరం పక్కన అక్షరం, రొట్టె పిండి ముద్దలు పేర్చినట్టు పేర్చి రాసేది. బ్యాంకులో టానీ అనే పిల్ల దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసేది.

"ఇదేంటి మిస్ ఆర్డిత్?"

"నీకక్కర్లేదు. డబ్బియ్యి."

టానీ నోట్లు లెక్కపెట్టి ఇచ్చేది. అవే నోట్లు, అవే బొమ్మలు. ఆర్డిత్ వాటిని రెండు వేళ్ళతో పట్టుకుని, ఇవి అవి కావులే అన్నట్టు సంచిలో వేసుకునేది.

అక్టోబరులో పై వేలం వచ్చింది. ఆర్డిత్ గూస్‌బెర్రీ పై నలభై పలికింది. ఎప్పుడూ పలికే ధరే. నెడ్రా నల్లరేగు పై దగ్గరకొచ్చేసరికి పశువుల సంత యజమాని బ్యూఫర్డ్ చెయ్యెత్తాడు, ఇంకెవరో ఎత్తారు, మళ్ళీ బ్యూఫర్డ్. డెబ్బై అయిదు దగ్గర సుత్తి పడింది. హాలంతా చప్పట్లు. బ్యూఫర్డ్ నెడ్రా పక్కన కూర్చుని ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆమె మొగుడు కూడా అలా మూసుకుని ఎరగడు.

"అబ్బా నెడ్రా, ఈ పైపొర ఏంటమ్మా, గాజు విరిగినట్టు విరుగుతోంది!"

ఆర్డిత్ కోటు గుండీలు పెట్టుకుంది. వెల్మా పక్కకొచ్చి, "నీదీ బాగుంది సిస్టర్ ఆర్డిత్" అంది. 'నీదీ' అన్న మాట ఎంత చిన్నదో అంత లోతుగా దిగింది.

"నాదేముందిలే. ఒక్క అర ఓవెన్ దానికి రెండరలతో పోటీ ఏంటి? కింద నుంచీ పై నుంచీ వేడి కొడితే రాయైనా పొరలు విడుతుంది" అంది.

చలికాలమంతా ఆ మాటే తనకు తాను చెప్పుకుంది. చెయ్యి కాదు, ఓవెన్. ఓవెన్ వచ్చింది రాష్ట్రం డబ్బుతో. ఆ డబ్బు తనకూ వస్తుంది. తనకొచ్చేది వట్టి రెండరలది కాదు, దానికి పైన గాజు మూతతో పొయ్యి కూడా ఉన్నది. కొట్టువాడి పుస్తకంలో దాని బొమ్మ చింపి తెచ్చి అలమారా తలుపుకు లోపలి వైపు అంటించింది. బయటి వైపు అంటిస్తే వచ్చినవాళ్ళు చూస్తారు.

ఫిబ్రవరిలో కాగితాలు నింపింది. ఏటా నింపినట్టు నింపలేదు. సంపాదన దగ్గర సున్నా వేసింది. ఏడు చెక్కుల వెనక వైపు నకళ్ళు జత చేసింది. కోసుకున్న ఏడువందల పైచిలుకూ తిరిగివ్వమని రాసి పోస్టులో వేసి, ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూ నడిచింది.

మార్చి మొదట్లో బావి మోటారు దగ్గింది. రెండు రోజులు దగ్గి, మూడోరోజు ఊపిరి వదిలేసింది. పక్కింటి క్లెటస్ గొట్టం పైకి లాగి చూశాడు.

"అయిపోయింది ఆర్డిత్. కొత్తది మూడువందలవుతుంది. బిగించినందుకు నాకేమీ వద్దు, రెండు పైలు చాలు."

"రాష్ట్రం వాళ్ళ డబ్బు వస్తోంది. రానీ" అంది.

నీళ్ళకు చర్చి వెనక కొళాయి ఉంది. ఖాళీ పాలడబ్బాలు పది కారు వెనక పెట్టుకుని పొద్దునా సాయంత్రం పట్టుకొచ్చేది. ఎవరన్నా అడిగితే, టమాటా మొక్కలకు అనేది. గిన్నెలు ఒక డబ్బాతో, ఒళ్ళు ఒక డబ్బాతో. ఇరవై ఏడేళ్ళు మూడువందల మంది పిల్లలకు వండిన మనిషి తన ఒక్క కప్పు కడుక్కోవడానికి రెండుసార్లు ఆలోచించేది. ఏప్రిల్ గడిచింది. మేలో ఉత్తరం వచ్చింది.

అందులో చెక్కు లేదు. మీరు చెప్పింది ఏ చట్టంలోనూ నిలబడదన్నారు. మామూలుగా మీకు రావలసిన మూడువందల చిల్లర కూడా ఆపామన్నారు. ముప్పై రోజుల్లోగా ఈ వాదన వెనక్కి తీసుకుంటున్నానని సంతకం పెడితే ఆ మూడువందలూ పంపిస్తాం, పెట్టకపోతే అయిదువందలు జరిమానా అన్నారు. మాట్లాడదలుచుకుంటే నెలకోసారి మా మనిషి మీ జిల్లా కోర్టు మేడ మీద కూర్చుంటాడన్నారు.

ఆర్డిత్ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. మోటారు, నీళ్ళు, జరిమానా, ఏదీ ఆమెను అంతగా పొడవలేదు. నెడ్రాకు ఇచ్చారు, నాకివ్వలేదు. అదీ పొడిచింది. ఒకే ఊరు, ఒకే హార్లన్, అవే మాటలు. అది ముద్ర కొట్టి తెచ్చుకుంది, నేను చేత్తో రాసినా రాలేదా? సంతకం పెడితే ఏమవుతుంది? నెడ్రా గెలిచింది, ఆర్డిత్ ఓడిందని కాగితం మీద తనే రాసిచ్చినట్టవుతుంది. చచ్చినా పెట్టను అనుకుంది.

హార్లన్ కోసం వెళ్తే దాణా కొట్టుకు తాళం. పక్క జిల్లాకు మారాడట. ఇల్లు ఎప్పుడో పెళ్ళాం పేర రాసేశాడట. అందరికీ చట్టం నేర్పినవాడు తనకు కావలసిందేదో తను ముందే నేర్చుకున్నాడు.

ఒక శనివారం ఓర్వల్ వచ్చాడు. కారు వెనక డబ్బాలు చూశాడు, అక్క చేతులు చూశాడు.

"అక్కా, ఆ రాష్ట్రం డబ్బు సంగతి... నెడ్రా నీకేమీ చెప్పలేదా?"

"మీ ఆవిడ గొప్పలు వినే తీరిక నాకు లేదురా. కాఫీ తాగుతావా, లేదా?"

వాడు అసలే పదిమాటలు కలిపి మాట్లాడే రకం కాదు. ఒక్క మాట చెప్పడానికని పనిగట్టుకుని వచ్చి, దాన్ని మింగేసి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. వెళ్తూ రెండు డబ్బాలు తనే మోసి లోపల పెట్టాడు.

ముప్పయ్యో రోజు జూన్‌లో పడింది. ఆ రోజే పన్నుల మనిషి కూర్చునే రోజు. ఆర్డిత్ చర్చికి వేసుకెళ్ళే నీలం గౌను తొడుక్కుని, ఫైలు చంకన పెట్టుకుని, కోర్టు మెట్లు ఎక్కింది. గదిలో ఫెల్ప్స్ అనే మనిషి, నలభై ఏళ్ళుంటాయి, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు.

అరగంట చదివింది ఫైల్లోంచి. అతను మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక అడిగాడు.

"మేడమ్, ఆ చెక్కులు ఇస్తే బ్యాంకు వాళ్ళు మీకేమిచ్చారు?"

"డబ్బు."

"ఏ డబ్బు? మామూలు నోట్లేనా?"

ఆర్డిత్ ఫైల్లో ఇంకో కాగితం తిప్పింది.

"ఆ నోట్లతో సరుకులు కొన్నారా?"

"కొనక తింటానా?"

"అది సంపాదన కాక మరేమిటి మేడమ్?" మెత్తగా అన్నాడు. "న్యాయంగా మీకు రావలసిన మూడువందలు ఉన్నాయి. ఎవరూ కాదనడం లేదు. ఇక్కడ సంతకం పెట్టండి."

"ఇదే మాట రాసిన ఇంకొకామెకు మీరు ఇచ్చారు. పద్దెనిమిది వందల నలభై. ఇచ్చారా లేదా?"

"ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు మేడమ్."

"చెప్పకపోతే మానె. నాకు తెలుసు. ఆవిడ సంతకం పెట్టనప్పుడు నేనెందుకు పెట్టాలి?"

"పన్నెండింటి దాకా ఇక్కడే ఉంటాను. ఆలోచించుకోండి" అన్నాడతను, కాగితం ఆమె వైపు తోసి.

కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చింది. గోడకానిన బల్ల మీద, ఒళ్ళో కవరు పెట్టుకుని, నెడ్రా కూర్చుని ఉంది.

"నువ్విక్కడేంటి?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నెడ్రా ముందు కవరు వెనక్కి దాచబోయింది. తరవాత, ఇంకెందుకన్నట్టు, ఒళ్ళోనే ఉంచేసింది.

"యాభై డాలర్లు కట్టడానికి. ఇది తొమ్మిదో నెల."

"దేనికి?"

"దేనికేంటి, ఆ పద్దెనిమిది వందల నలభైకి. పొరపాటున పంపాం, తిరిగిచ్చేయమని పోయిన జూలైలోనే ఉత్తరం రాశారు. వడ్డీతో సహా. పైన అయిదువందలు జరిమానా."

"జరిమానా ఎందుకు పడింది? సంతకం పెట్టమని అడగలేదా నిన్ను?"

"అడిగారు. పెట్టలేదు."

"ఏం రోగం?"

"నువ్వే." నెడ్రా గొంతు పెరిగింది. మెట్ల దగ్గర ఎవరో తిరిగి చూశారు. "నీ రోగమే. సంతకం పెట్టి తిరిగిచ్చేశానంటే నీకు తెలిసిపోదూ? చర్చిలో బల్ల చివర నిలబడి, చేతులు కట్టుకుని, ఆ నవ్వు నవ్వవూ? ముప్పై ఒక్క ఏళ్ళుగా చూస్తున్నాను ఆ నవ్వు. దాన్ని తప్పించుకోవడానికి అయిదువందలు పోశాను. ఇదిగో, ఇప్పుడు నవ్వు. నవ్వి చావు."

ఆర్డిత్ నవ్వడానికి నోరు తెరిచింది. ఏడాది పైగా దీనికోసమే కాచుక్కూర్చుంది. నవ్వు మాత్రం రాలేదు. వచ్చింది వేరే మాట.

"పోనీ, ఓవెన్ మిగిలిందిగా నీకు."

"ఎక్కడి ఓవెన్? సెప్టెంబరులోనే కొట్టువాడు సగం ధరకు వెనక్కి పట్టుకుపోయాడు."

"ఏ సెప్టెంబరు?"

"పోయిన సెప్టెంబరు. ఎన్ని సెప్టెంబర్లుంటాయి?"

ఆర్డిత్ మెల్లిగా బల్ల మీద కూర్చుంది. వేళ్ళ మీద లెక్క చూసుకుంది. సెప్టెంబరు తరవాత అక్టోబరు.

"మరి ఆ డెబ్బై అయిదు డాలర్ల పై?"

"పాత ఓవెన్‌లోనే. దాని తలుపు సరిగా పడి చావదు. కుర్చీ ఆనించి కాల్చాను."

వరండాలో ఎక్కడో టైపు కొడుతున్న చప్పుడు. ఏడాదంతా ఆర్డిత్ ఓవెన్, ఓవెన్ అనుకుంది. ఎర్ర సిరా ఆ ఓవెన్ కోసం, సున్నా వేసింది ఆ ఓవెన్ కోసం, మూడు నెలలుగా డబ్బా నీళ్ళతో ఒళ్ళు తుడుచుకున్నది ఆ ఓవెన్ కోసం. లేని ఓవెన్ కోసం. తలుపు పడని పొయ్యిలో, కుర్చీ అడ్డంపెట్టి, ఆ నెడ్రా గాజు విరిగినట్టు విరిగే పై చేసింది. అంటే ఓవెన్ కాదు. చెయ్యి. ఓవెన్‌నైతే డబ్బుతో కొనుక్కోవచ్చు. చెయ్యిని ఏం పెట్టి కొంటారు? ఆమె ఒళ్ళంతా భగ్గుమంది. ఇన్నేళ్ళ కుళ్ళూ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"మా బావి మోటారు పోయింది" అంది చివరికి, ఎందుకన్నదో తెలియకుండానే.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"మార్చి నెల మంచులో టమాటాలకి నీళ్ళు పోసేది ఈ కొండల్లో నువ్వొక్కదానివే. ఊరందరికీ తెలుసు." నెడ్రా ఆమె చేతిలో కాగితం చూసింది. "అదేంటి? ఆ సంతకం కాగితమేనా?"

"ఊఁ."

"గడువెప్పటికి?"

"ఇవాళ. పన్నెండింటికి."

నెడ్రా గోడ గడియారం చూసింది. పదకొండూ నలభై. "కూర్చున్నావే! పెట్టు."

"నువ్వు పెట్టలేదుగా."

"నేను పెట్టనందుకు నెలకు యాభై కడుతున్నాను. అందులో కూడా నన్ను మించాలా నువ్వు?"

ఆర్డిత్ ఫైలు చంకన సర్దుకుంది. లేచి లోపలికి వెళ్ళింది. ఫెల్ప్స్ కలం ఇచ్చాడు, నీలం సిరాది. సంతకంలో సగం పేరు దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నెడ్రా అయిదువందల దెబ్బ తిని కూడా తలెత్తుకు తిరుగుతోంది. తనేమో దెబ్బ తగలకుండా తప్పుకుంటోంది. దీన్ని కూడా ఎప్పుడో ఒకప్పుడు నెడ్రా ఎత్తిచూపుతుంది. చూపనీ. మిగతా సగం పేరూ రాసేసింది.

బయటికొచ్చేసరికి నెడ్రా వంతు వచ్చి లోపలికి వెళ్తోంది. పక్కపక్కన దాటుకున్నారు. కోర్టు మెట్లు దిగుతూ ఆర్డిత్ ఫైలును చెత్తడబ్బాలో వేయబోయింది. నలభై డాలర్లు పోసింది గుర్తొచ్చి ఇంటికి పట్టుకుపోయింది. కాగితాలు పొయ్యి రాజేయడానికి పనికొచ్చాయి, అట్ట వేడి పైల కింద పెట్టుకోవడానికి పనికొచ్చింది.

మూడువందల చెక్కు జూలైలో వచ్చింది. క్లెటస్ మోటారు బిగించాడు. కొళాయి ముందు తుప్పు నీళ్ళు కక్కి, తరవాత తెల్లగా దూకింది. ఆర్డిత్ ఆ నీళ్ళ కింద ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ, వాడనివి కూడా, కడిగింది. అలమారా లోపలి బొమ్మ గీకేసింది. జిగురు మరక మాత్రం పోలేదు.

అక్టోబరు వచ్చింది. హాలు నిండుగా ఉంది. వేలం పాడించే ఎర్ల్ బల్ల మీదికెక్కి గొంతు సవరించుకున్నాడు. పెట్టెల మీద పేర్లు రాయరు గానీ ఏది ఎవరిదో అందరికీ తెలుసు. ఆర్డిత్ గూస్‌బెర్రీ పైని ఫైర్ చీఫ్ నలభై అయిదుకు పాడుకుని, పద్ధతికి ఆమె పక్కన కూర్చుని ఒక్క ముక్క తిని, మిగతాది మనవళ్ళకని ఇంటికి పట్టుకుపోయాడు. తరవాత నెడ్రా నల్లరేగు పై వచ్చింది. కాలం బాగాలేదు, జనం దగ్గర డబ్బు లేదు. ముప్పై దగ్గర పాట నీరసించింది.

"ముప్పై! ఇంతేనా మగతనం? ముప్పై, ఒకటోసారి..."

"ముప్పై అయిదు" అంది ఆర్డిత్.

హాలంతా తలతిప్పింది. ఆడవాళ్ళు పాడకూడదని ఎక్కడా రాసిలేదు. కానీ ఇంతవరకూ ఎవరూ పాడలేదు. ఎర్ల్ సుత్తి గాల్లోనే ఆగింది.

"నువ్వా సిస్టర్ ఆర్డిత్?"

"నా డబ్బుకేమైనా మచ్చలున్నాయా? పాడించు."

బ్యూఫర్డ్‌కు రోషం వచ్చింది. నలభై అన్నాడు. ఆర్డిత్ నలభై రెండంది. బ్యూఫర్డ్ నలభై అయిదన్నాడు.

ఆగింది. నలభై అయిదంటే ఆర్డిత్ సొంత పై పలికిన ధర. ఇక్కడ నోరు మూసుకుంటే ఇద్దరివీ సమానం. పైకి వెళ్తే నెడ్రా పైని తన చేత్తో తన నెత్తిన ఎక్కించుకున్నట్టు. కానీ ఆ పైలో ఏముందో ఈ ఏడు తెలుసుకోకపోతే ఇంకో ఏడాది నిద్ర పట్టదు.

"నలభై ఆరు" అంది, పళ్ళ మధ్య నుంచి.

సుత్తి పడింది. చప్పట్లు, ఈలలు. పద్ధతి ప్రకారం పాడుకున్నవాళ్ళు చేసినవాళ్ళ పక్కన కూర్చోవాలి. ఆ సంగతి ఆర్డిత్‌కు డబ్బు కట్టేశాక గుర్తొచ్చింది. ఎవరో రెండు ఫోర్కులు తెచ్చి పెట్టారు. ఓర్వల్ దూరంగా గోడకానుకుని, నోరు కొద్దిగా తెరిచి చూస్తున్నాడు.

ఆర్డిత్ మొదటి ముద్దను తప్పు వెతుకుతూ నమిలింది. పైపొర గాజు విరిగినట్టే విరిగింది.

"ఎలా ఉంది?" అంది నెడ్రా, ఎటో చూస్తూ.

"అడుగు మాడింది."

"మాడలేదు."

రెండో ముద్ద తింది. మూడోది తింది.

"మాడలేదులే" అంది. నాలుగో ముద్దకు ఫోర్కు గుచ్చి, "ఇంకా ఆ కుర్చీయే ఆనిస్తున్నావా?"

"ఇంకేముంది ఆనించడానికి?"

"వీపు వైపా, కూర్చునే వైపా?"

నెడ్రా ఫోర్కు ఆపి ఆమె మొహంలోకి చూసింది. చూసి, ముప్పై రెండేళ్ళలో మొదటిసారి, ఆర్డిత్ నవ్వే నవ్వు తను నవ్వింది.

"అది మాత్రం చచ్చినా చెప్పను" అంది.

ఆర్డిత్ పెట్టెను తన వైపు లాక్కుని రెండో ముక్క కోసుకుంది.